బండి పాతదే, కాగితం గూడ పాతదేనా?

"అన్నా, మా తాత 1969ల కొన్న అంబాసిడర్ ఇది. బిల్లు గూడ ఉన్నది" అని మిర్యాలగూడల ఒకాయన కాగితం నా చేతిల పెట్టిండు. బండికి రంగు, సీట్లు కొత్తగ చేయించిండ్రు, ఆ సంగతి దాచలేదు. బిల్లు మాత్రం మడతలు పడి, చాయ రంగు తేలి, చూస్తే దండం పెట్టబుద్ధయ్యేటట్టు ఉన్నది. కానీ అడ్రసు కింద 508001 అని పిన్‌కోడు! మన దేశంల పిన్‌కోడు మొదలైందే 1972 ఆగస్టు 15న.

నకలు బిల్లు, నకలు ప్లేటు, నకలు స్టిక్కరు చేయించుకునుడు తప్పేం కాదు. నకలని చెప్పి ఇస్తే అది బండికి అలంకారం. అసలుదని చెప్పి ధర పెంచితేనే పేచీ.

లక్షణం: తేదీ ఒకటి, రాత ఇంకొకటి

కారణం: ఇప్పటి నమూనా ముందల పెట్టుకొని పాత తేదీ వేసుడు.

ఏం చూడాలె: తేదీని పక్కకు పెట్టి మిగతాదంత చదవాలె. 1969 అంబాసిడర్ బిల్లుల "మార్క్ 3" మోడల్ అంటే తప్పే, అది 1975ల వచ్చింది. 1968 ఫియట్ కాగితంల "పద్మిని" పేరు ఉండదు, ఆ పేరు తర్వాత వచ్చింది. 1955 కాగితం మీద ఆంధ్రప్రదేశ్ ముద్ర ఎట్ల ఉంటది? అప్పటికి మనది హైదరాబాద్ రాష్ట్రం. ₹ గుర్తు 2010ది.

నంబరు దగ్గర జర జాగ్రత్త. తెలంగాణ రాకముందు ఏపీ 24 నల్లగొండది, ఏపీ 22 మహబూబ్‌నగర్‌ది. ఈ పద్ధతి 1989 జూలైల కొత్త మోటారు చట్టం అమలైనంక వచ్చింది. కాబట్టి 1978 తేదీతోని రాసిన ఆర్‌సీ పుస్తకంల ఏపీ 24 ఉంటే అది తర్వాత రాసిందే. అట్లని 1978 బండికి ఆ నంబరు ఉండుడే దొంగతనం కాదు. బయటి రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ మళ్ల రిజిస్టరై ఉండొచ్చు. ఏ తేదీన పడ్డదో అడగాలె.

లక్షణం: కాగితమంత ఒకే తీరు పసుపు

చాయ నీళ్లల్ల ముంచితే అట్లయితది. నిజంగ పాతబడ్డదైతే గాలి, వెలుతురు తగిలిన అంచులు ముదురుగ, మడత లోపల తేటగ ఉంటది. గుండుసూది ఉన్నకాడ తుప్పు మరక దిగుతది. టైపు కొట్టిన కాగితం వెనుక వేలు పెడితే అక్షరాలు తగులుతయ్. భూతద్దం కింద రంగురంగుల చుక్కలు కనబడితే ఈ కాలం కలర్ ప్రింటరు మీద తీసిందేమోనని అనుమానించాలె. నోట్లు చూసే నీలి టార్చి వేస్తే ఈ కాలం తెల్ల కాగితం మెరుస్తది. 1940ల జీపు కాగితం అట్ల మెరిస్తే అనుమానించాలె. 1970లదైతే మాత్రం ఆ ఒక్క గుర్తుతోని తేల్చలేం.

లక్షణం: ప్లేటు తళతళ, చాసిస్ నంబరు మసక

విల్లీస్ జీపు డ్యాష్‌బోర్డు డబ్బా మూత మీది కంపెనీ ప్లేట్లు కొత్తయి దొరుకుతయ్. వాటిని నమ్ముకోవద్దు. చాసిస్ అంటే బండి ఫ్రేము. దాని మీది నంబరు దగ్గర రంగు తీపించి, తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తోని రుద్దాలె. అంకెలు వంకరటింకరగ ఉన్నా, చుట్టూ గ్రైండరు గీతలున్నా, వెల్డింగ్ అతుకున్నా అడ్వాన్సు ఇయ్యకుండ్రి. ఆ ప్రింటు, ఆర్‌సీ పట్టుకొని రిజిస్టరైన ఆర్‌టీఏ ఆఫీసుల రికార్డుతోని సరిచూసుకోవాలె.

ఇంజను నంబరు గూడ కలవాలె. మన దిక్కు పాత జీపులకు పెట్రోలు ఇంజను తీసి డీజిల్‌ది పెట్టుడు మామూలే. 2021 వింటేజ్ (పాతకాలపు బండ్ల) నిబంధన ప్రకారం రిజిస్టరై 50 ఏండ్లు దాటాలె, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగ మారొద్దు. కొత్తగ రిజిస్టర్ చేసుకుంటే ఫీజు 20,000 రూపాయలు, పదేండ్లకు. నంబరుల "వీఏ" అని వస్తది. ఆ బండ్లను రోజువారీగ తిప్పనియ్యరు. ఇంజను మారిన జీపుకు ఈ లెక్కల చిక్కొస్తది, కాగితం ఎంత ముద్దుగున్నా సరే.

మిర్యాలగూడ బండికి చాసిస్, ఇంజను, ఆర్‌సీ మూడూ కలిసినయ్. బిల్లు లెక్కల పెట్టకుండ బండికే ధర మాట్లాడుకున్నం. ఆ బిల్లు వెనుక పెన్సిల్‌తోని "నకలు" అని రాసి డ్యాష్‌బోర్డు డబ్బాల పెట్టిన.