విదేశంలో వదలని సైనస్: ఉప్పునీటితో ముక్కు ఎలా కడుక్కోవాలి?

అమెరికాలో హీటర్లు వేసే నవంబరులో పట్టిన జలుబు చాలామందికి సంక్రాంతి వెళ్ళినా వదలదు. చెంపల్లో బరువు, పైపళ్ళు లాగడం, కిందికి వంగితే నుదుటి మీద ఒత్తిడి, పడుకోగానే గొంతులోకి కారే చీమిడి, తెల్లవారుజామున దగ్గు. దీనికి తెలుగు ఇళ్ళలో జరిగే వైద్యం ఎక్కడ చూసినా ఒకటే: ఇండియా నుంచి తెచ్చుకున్న అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు రోజులు, అమృతాంజనం వేసిన ఆవిరి, అదీ చాలకపోతే ముక్కులో చుక్కల మందు. నాలుగు రోజులు తేలికపడుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. ఈ మూడింటికన్నా ముందు చేయాల్సింది, రోజూ చేయాల్సింది, ఉప్పునీటితో ముక్కు కడగడం. కడుగుతున్నాం అనేవాళ్ళలో కూడా చాలామంది ప్రమాదకరంగా కడుగుతున్నారు. అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

ముఖం ఎముకల్లో సైనస్‌లనే నాలుగు జతల గాలి గదులున్నాయి: చెంపల్లో, నుదుట్లో, కళ్ళ మధ్య, ఇంకా వెనక లోతుగా. వాటి ద్వారాల వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే. జలుబుకో పుప్పొడికో ఆ ద్వారం చుట్టూ ఉన్న పొర వాచిందంటే లోపలి చీమిడికి బయటికి దారి ఉండదు. నిలవ ఉన్నచోట బాక్టీరియా పెరుగుతుంది. యాంటీబయాటిక్ ఆ బాక్టీరియాను చంపగలదు గానీ ద్వారం తెరవలేదు. ఉప్పునీళ్ళు ద్వారం దగ్గర పేరుకున్న చిక్కటి చీమిడిని, పుప్పొడిని, దుమ్మును కడిగేస్తాయి. నీళ్ళు గదుల్లోపలికి వెళ్ళాల్సిన పని కూడా లేదు. దారి శుభ్రపడితే చాలు, మిగతా పని ఆ పొరే చూసుకుంటుంది.

కావలసినవి

240 మిల్లీలీటర్లు పట్టే మెత్తటి ప్లాస్టిక్ సీసా, నొక్కితే నీళ్ళు చిమ్మేది. నీల్‌మెడ్ సీసా దాదాపు ప్రతి ఫార్మసీలోనూ దొరుకుతుంది. యోగాలో ముక్కు కడుక్కోవడానికి వాడే రాగి జలనేతి చెంబు ఇంటి నుంచి తెచ్చుకుని ఉంటే పక్కన పెట్టండి. దాంట్లోంచి నీళ్ళు వాటంతటవి జారడమే తప్ప గట్టిపడ్డ చీమిడిని కదిలించే తోపు ఉండదు, పైగా ఉప్పునీళ్ళు రాగిని తినేస్తాయి. యోగాలో జలనేతికి చెంబు సరే, జబ్బు చేసిన ముక్కుకు సీసాయే. మూడు నెలలకోసారి పాతది పారేసి కొత్తది కొనండి.

నీళ్ళు

అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, తప్పు చేయకూడనిదీ ఇదే. కుళాయి నీళ్ళు ముక్కులోకి వెళ్ళకూడదు. తాగడానికి పనికొచ్చే నీళ్ళన్నీ ముక్కుకు పనికిరావు.

నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా వెచ్చటి మంచినీటిలో బతుకుతుంది. నీళ్ళతో పాటు మింగితే ఏమీ చేయదు. అదే ముక్కు పైభాగానికి చేరితే వాసన నరం వెంట మెదడులోకి వెళుతుంది, ఆ తర్వాత బతికేవాళ్ళు బహు అరుదు. 2011లో లూసియానాలో ఇద్దరు జలనేతి పాత్రలో కుళాయి నీళ్ళు వాడి చనిపోయారు. 2023లో ఫ్లోరిడాలో ఒకరు చనిపోతే, కుళాయి నీటితో ముక్కు కడగడం వల్లే సోకి ఉండవచ్చని ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ చెప్పింది. జబ్బు అరుదైనదే. కానీ రోజుకు రెండుసార్లు, నెలల తరబడి చేసే పనిలో అంత చిన్న ప్రమాదాన్ని కూడా మిగల్చకూడదు. దాన్ని పూర్తిగా తప్పించడానికి అయ్యేది ఒక గాలన్ నీళ్ళ ఖర్చు.

కొనేటట్టయితే సీసా మీద డిస్టిల్డ్ అనో స్టెరైల్ అనో అచ్చులో ఉండాలి. స్ప్రింగ్ వాటర్, డ్రింకింగ్ వాటర్, ప్యూరిఫైడ్ వాటర్ అని రాసి ఉన్నవి అదే అరలో పక్కపక్కనే ఉంటాయి, అవి వేరు. గాలన్ డబ్బా అంటే దాదాపు 3.8 లీటర్లు, రోజుకు రెండుసార్లు కడిగితే వారానికి వస్తుంది. డబ్బాలో చెంచాలు, గ్లాసులు ముంచకండి, వంచి పోసుకోండి, వెంటనే మూత పెట్టండి.

కాచుకునేటట్టయితే ఎలక్ట్రిక్ కెటిల్‌ను నమ్మొద్దు. నీళ్ళు మరగడం మొదలవగానే అది ఆగిపోతుంది. కనీసం ఒక నిమిషం పాటు సలసల మరగాలన్నది అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పేది, 6,500 అడుగుల కంటే ఎత్తున ఉన్న ఊళ్ళలో మూడు నిమిషాలు. అక్కడ మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ మూడు నుంచి ఐదు నిమిషాలంటుంది. ఏ ఊరైనా ఐదు నిమిషాలు మరిగించండి, లెక్కలు అక్కర్లేదు. స్టవ్ మీద గిన్నెలో, గడియారం చూసుకుని. తర్వాత మూత పెట్టి దానంతటది చల్లారనివ్వాలి. ఆఫీసుకు ఆలస్యమవుతోందని కాచిన నీళ్ళలో కాసిని కుళాయి చన్నీళ్ళు కలిపితే కాచిందంతా వృథా. చల్లారిన నీళ్ళను శుభ్రమైన మూత ఉన్న పాత్రలో ఉంచి 24 గంటల్లో వాడేయండి, మిగిలితే మొక్కలకు పోయండి.

బ్రిటా జగ్గులో వడకట్టిన నీళ్ళు, ఫ్రిజ్ తలుపులోంచి వచ్చే నీళ్ళు ఈ పనికి కావు. ఆ ఫిల్టర్లు రుచికీ క్లోరిన్ వాసనకీ పెట్టినవి. సింకు కింద ఆర్‌ఓ ఉంది కదా అంటారు. ఆర్‌ఓ పొర అమీబాను ఆపగలదు, కానీ ఆ తర్వాత నీళ్ళు ఒక ట్యాంకులో నిలవ ఉండి, ఒక గొట్టంలోంచి వస్తాయి. ఆ రెండూ శుభ్రంగా ఉన్నాయని ఇంట్లో తేల్చుకునే దారి లేదు కాబట్టి అవీ కాచాల్సిందే. సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు కూడా బోరు నీళ్ళకు, ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళకు ఇదే మాట. కేరళలో 2024, 2025లలో అమీబా మెదడువాపు కేసులు వరసగా బయటపడ్డాయి.

ఇంకో చిన్న సంగతి. వాడాక సీసాను సబ్బుతో, కుళాయి నీటితో కడిగి అలాగే వదిలేస్తే, ఆ మిగిలిన చుక్కలే మర్నాడు ముక్కులోకి వెళతాయి. చివర ఒకసారి కాచిన నీళ్ళతో తొలిచి, బోర్లించి, పూర్తిగా ఆరనివ్వాలి.

ఉప్పు

అర లీటరు నీళ్ళకు అయొడిన్ లేని సన్న ఉప్పు ముప్పావు చెంచా, తినే సోడా పావు చెంచా. చెంచా అంటే 5 మిల్లీలీటర్ల కొలత చెంచా, తలగొట్టి. ఉప్పు నాలుగున్నర గ్రాములవుతుంది, అంటే మన ఒంట్లోని ద్రవాల్లో ఉన్నంత ఉప్పదనం. ఇది ఒక మనిషికి ఒక రోజుకు సరి. బేకింగ్ పౌడర్ సోడా కాదు, అందులో పిండి, పులుపు కలిసి ఉంటాయి. ఉప్పుల్లో క్యానింగ్ అండ్ పిక్లింగ్ సాల్ట్ అని అమ్మేది మంచిది. మామూలు టేబుల్ సాల్ట్‌లో అయొడిన్‌తో పాటు గడ్డకట్టకుండా కలిపే పదార్థాలుంటాయి, ముక్కును మండిస్తాయి. ఇండియన్ స్టోరులో దొరికే కల్లుప్పులో మట్టి ఉంటుంది. కోషర్ ఉప్పు పలుకు పెద్దది కాబట్టి చెంచా లెక్క తప్పుతుంది. ఈ గొడవంతా వద్దనుకుంటే 240 మిల్లీలీటర్లకు ఒకటి చొప్పున రెడీమేడ్ పొట్లాలు వాడండి. ఉప్పు లేకుండా వట్టి నీళ్ళు మాత్రం ఎప్పుడూ వద్దు, ఒక్కసారికే కళ్ళనీళ్ళు వచ్చేంత మంట.

కడగడం

నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. పసిబిడ్డ పాలు చూసినట్టు మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుంటే వేడిగానీ చల్లగానీ తెలియకూడదు. మైక్రోవేవ్‌లో పెడితే సీసా మూత తీసి, కొద్ది సెకన్లే, ఆ తర్వాత బాగా కుదిపి చూడండి. ఒకచోట వేడిగా, ఒకచోట చల్లగా ఉంటుంది.

సింకు మీదికి నడుము నుంచి వంగి, గడ్డం ఛాతీ వైపు ఉంచి, నేలకేసి చూడండి. చుక్కల మందు వేసుకునే అలవాటు కొద్దీ తల వెనక్కి వాలుస్తారు, నీళ్ళు గొంతులోకి, చెవుల్లోకి వెళ్ళడానికి కారణం అదే. నోరు తెరిచి నోటితోనే గాలి పీలుస్తూ, సీసా మూతిని ముక్కుపుటకు గాలి పోకుండా ఆనించి, మెల్లగా నొక్కండి. నొక్కుతున్నంతసేపూ ‘క్ క్ క్’ అంటుంటే అంగిలి వెనక భాగం పైకి లేచి గొంతు దారి మూసుకుంటుంది. నీళ్ళు రెండో రంధ్రంలోంచి, కొంత నోట్లోంచి వస్తాయి. మింగకండి, ఉమ్మేయండి. సగం సీసా ఒకవైపు, సగం రెండోవైపు.

ఒక వైపు పూర్తిగా బిగిసిపోయి ఉంటే బలవంతంగా నొక్కొద్దు. ఆ ఒత్తిడి చెవికి పోతుంది. తెరిచి ఉన్న వైపు కడిగి, గంట ఆగి మళ్ళీ చూడండి. చెవిలో నొప్పి వస్తే ఆ పూటకు ఆపేయండి.

అయ్యాక రెండు రంధ్రాలూ తెరిచి ఉంచి మెల్లగా చీదండి. ముక్కు గట్టిగా పట్టుకుని బలంగా చీదడమంటే కడిగిన చీమిడిని వెనక్కి గదుల్లోకి, చెవుల్లోకి తోసేయడం. తర్వాత నడుము వంచి తలను ఎడమకు, కుడికి నెమ్మదిగా తిప్పితే దాక్కున్న నీళ్ళు కారిపోతాయి. రాత్రిపూట పడుకోవడానికి కనీసం గంట ముందే కడిగేయండి, లేకపోతే మిగిలిన నీళ్ళు గొంతులోకి కారి రాత్రంతా దగ్గు. జబ్బుగా ఉన్నన్నాళ్ళు రోజుకు రెండుసార్లు, తగ్గాక ఒకసారి.

స్ప్రేలు, మాత్రలు

ముక్కు పొర వాపు తగ్గించే ఫ్లూటికసోన్ అనే స్టెరాయిడ్ స్ప్రే అమెరికాలో డాక్టరు చీటీ లేకుండా దొరుకుతుంది. కడిగిన పావుగంటకు వేసుకోండి, వెంటనే వేస్తే మిగిలిన నీళ్ళతో మందు కారిపోతుంది. కుడి రంధ్రానికి ఎడమ చేయి, ఎడమ రంధ్రానికి కుడి చేయి. అప్పుడు మందు రెండు రంధ్రాల మధ్య ఉన్న దూలానికి తగలకుండా బయటి గోడ వైపు పడుతుంది. దూలానికి కొడితే ముక్కు నుంచి రక్తం వస్తుంది. గట్టిగా పీల్చకండి, మందు గొంతులోకి పోతుంది. రెండు వారాలు రోజూ వాడకుండా పనిచేయలేదనకండి.

ముక్కు దిబ్బడకు వేసుకునే చుక్కల మందులు, ఆఫ్రిన్‌గా అమ్మే ఆక్సీమెటాజొలిన్, ఇండియా నుంచి తెచ్చే ఆట్రివిన్‌లోని జైలోమెటాజొలిన్, ఏదైనా సరే మూడు రోజులే. ఆ తర్వాత మందు దిగగానే పొర ముందుకంటే ఎక్కువ వాస్తుంది, ముక్కు ఆ చుక్కలకు బందీ అవుతుంది. ఇక జలుబు మాత్రల్లోని ఫినైల్‌ఎఫ్రిన్ నోటి ద్వారా వేసుకుంటే ముక్కు దిబ్బడకు పనిచేయదని 2023లో ఎఫ్‌డీఏ సలహా సంఘం తేల్చింది. పనిచేసే సూడోఎఫిడ్రిన్ ఫార్మసీ కౌంటరు వెనక ఉంటుంది, గుర్తింపు కార్డు అడుగుతారు. బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా తీసుకోకూడదు.

ఆవిరి పడితే హాయిగా ఉంటుంది, అంతే, కడిగే పని చేయదు. పిల్లలున్న ఇంట్లో మరిగే నీళ్ళ గిన్నె ముందు దుప్పటి కప్పుకుని కూర్చోవద్దు.

ఇంట్లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలి, చిన్న తేమ మీటరు కొనుక్కోండి. అంతకు మించితే అలర్జీ తెచ్చే డస్ట్ మైట్లు అనే దుమ్ము పురుగులు పెరుగుతాయి. టెక్సస్‌లోని ఆస్టిన్, శాన్ ఆంటోనియో వాళ్ళకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వచ్చేది తరచూ ఇన్‌ఫెక్షనే కాదు, మౌంటెన్ సీడర్ అనే చెట్టు పుప్పొడి. కళ్ళు దురద, వరస తుమ్ములు, నీళ్ళలా కారే ముక్కు ఉంటే అలర్జీ పరీక్ష చేయించుకోండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

చీమిడి పచ్చగా ఉన్నంత మాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు, వైరస్ జలుబులోనూ పచ్చబడుతుంది. పది రోజులైనా ఏమాత్రం తగ్గకపోతే, తగ్గినట్టే తగ్గి మళ్ళీ ముదిరితే, లేదా 102 డిగ్రీల జ్వరంతో చిక్కటి చీమిడి మూడు నాలుగు రోజులు ఉంటే వెళ్ళండి. అపాయింట్‌మెంటు లేకుండా చూసే అర్జెంట్ కేర్ క్లినిక్ చాలు. సాధారణంగా అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఇస్తారు, పెద్దవాళ్ళకు ఐదు నుంచి ఏడు రోజులు. సూట్‌కేసులోని అజిత్రోమైసిన్‌ను అక్కడి మార్గదర్శకాలు దీనికి సిఫారసు చేయవు, ఈ జబ్బు తెచ్చే న్యూమోకాకస్ అనే బాక్టీరియాలో గణనీయమైన భాగం దానికి లొంగడం మానేసింది. కంటి చుట్టూ వాపు, రెండుగా కనబడటం, మెడ బిగుసుకోవడం, నుదుటి మీద వాపు, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్ళాలి, బిల్లు గురించి తర్వాత చూసుకోవచ్చు.

పన్నెండు వారాలు దాటితే అది దీర్ఘకాలిక సైనసైటిస్. ఈఎన్‌టీ దగ్గర ముక్కులో ఎండోస్కోపీ, సీటీ స్కాన్ గురించి అడగండి. పాలిప్స్ అనే మెత్తటి కండ పెరుగుదలలు, దూలం వంకర అక్కడ బయటపడతాయి. హెచ్ఎంవో ఇన్సూరెన్స్ అయితే మామూలు డాక్టరు రెఫరల్ ముందు కావాలి, అపాయింట్‌మెంటుకు వారాలు పట్టవచ్చు కాబట్టి ఆ ఫోను ఈ వారమే చేయండి. వాడిన ప్రతి మందు పేరు, మోతాదు, తేదీలు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. ఇండియా మాత్రలైతే బ్రాండు పేరు అక్కడ ఎవరికీ తెలియదు, స్ట్రిప్ వెనక సన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు రాయండి. ఎప్పుడూ ఒకే చెంపలో నొప్పి, ఆ వైపు నుంచే దుర్వాసన వస్తుంటే ఈఎన్‌టీతో పాటు డెంటిస్టుకూ చూపించండి. పై దవడ పళ్ళ వేళ్ళు చెంప గదికి ఆనుకునే ఉంటాయి, పుచ్చిన పన్నో రూట్ కెనాల్ చెడిన పన్నో అక్కడ ఉంటే దాన్ని బాగుచేసేదాకా ఎంత కడిగినా ఆ వైపు తగ్గదు.