మూడు మైకులతో డ్రమ్స్: కలిపితే స్నేర్ ఎందుకు పలచబడుతుంది?

కిక్‌కు, అంటే కాలితో వాయించే పెద్ద డ్రమ్‌కు ఒకటి, కిట్ పైన రెండు. ఇంట్లో డ్రమ్ కిట్ రికార్డు చేసేవారి దగ్గర ఇంతకు మించి మైకులు ఉండడం అరుదు. నిజానికి ఇవి చాలు. తేడా వినిపించగానే చాలామంది ఈక్యూ (ఏ స్వరాలు ఎంత వినిపించాలో పెంచి తగ్గించే సాధనం) తెరుస్తారు. నేను మాత్రం ముందు పురికొస కోసం వెతుకుతాను.

విడిగా బాగుంది, కలిపితే స్నేర్ పలచబడింది

స్నేర్ (డ్రమ్మర్ ఎదుట ఉండే, చురుగ్గా మోగే చిన్న డ్రమ్) దెబ్బ పైనున్న రెండు మైకులకూ ఒకేసారి చేరడం లేదన్నమాట. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. అంటే 34 సెంటీమీటర్ల తేడాకు ఒక మిల్లీసెకను ఆలస్యం. ఆ రెండింటినీ సమానంగా కలిపితే 500, 1500, 2500 హెర్ట్జ్‌ల దగ్గర వరుసగా గుంటలు పడతాయి. ఈక్యూతో అవి పూడవు. పెంచడానికి అక్కడ ఏమీ మిగలదు.

బ్రిటిష్ ఇంజినీరు గ్లిన్ జాన్స్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. ఒక మైకు స్నేర్‌కు దాదాపు మీటరు ఎత్తున ఉంటుంది. రెండోది ఫ్లోర్ టామ్ (నేలపై కాళ్ల మీద నిలబడే డ్రమ్) పక్కన, కాస్త పైనుంచి, హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబల్స్) వైపు చూస్తూ ఉంటుంది. పురికొస ఒక కొసను స్నేర్ నడిమధ్య వేలితో నొక్కిపట్టి, మొదటి మైకు దాకా లాగి, అక్కడ ముడి వేయండి. అదే ముడి రెండో మైకునూ తాకాలి. కంటిచూపుతోనే సరిపోతుందనుకుని నేను ఒకసారి కొలవలేదు. తరువాత చూస్తే జానెడు తేడా! ఆ రోజు వాయించినదంతా మళ్లీ వాయించాల్సి వచ్చింది.

కిక్‌లో బరువు లేదు

కిక్ మైకు చానల్‌లో పొలారిటీ బటన్ (ధ్వని తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి చూడండి; సున్నాకు అడ్డగీత ఉన్న గుర్తు అదే. మూడు మైకులూ మోగుతుండగా, ఏ స్థితిలో అడుగు స్వరం నిండుగా ఉంటే దాన్ని ఉంచేయండి. అయినా టకటకమనే శబ్దమే వస్తుంటే, మైకు బీటర్‌కు (కిక్‌ను కొట్టే పెడల్ సుత్తికి) మరీ దగ్గరగా ఉంది. ముందు చర్మానికున్న రంధ్రం వైపు కొద్దికొద్దిగా వెనక్కి లాగండి. అట్టపెట్టె మోతలా ఉంటే 300-400 హెర్ట్జ్‌ల దగ్గర కొంత తగ్గించండి. లోపల దుప్పటి కుక్కేస్తే మాత్రం మోతతో పాటు ప్రాణం కూడా పోతుంది.

సింబల్స్ అన్నిటినీ మింగేస్తున్నాయి

స్నేర్, టామ్‌లు, సింబల్స్ అన్నీ ఆ రెండు మైకుల్లోనే ఉన్నాయి కాబట్టి ఫేడర్‌తో (చానల్ శబ్దాన్ని పెంచి తగ్గించే మీటతో) విడదీయలేరు. మొహమాటపడకుండా డ్రమ్మర్‌కే చెప్పాలి: సింబల్స్ మెల్లగా, స్నేర్ గట్టిగా. సన్నటి కర్రలు ఇచ్చినా మేలే. మిక్సింగ్‌లో కంప్రెసర్ (పెద్ద శబ్దాలను అణిచే సాధనం) గట్టిగా బిగిస్తే సింబల్ తోక ఇంకా పైకి తేలుతుంది. అటాక్ (అది నొక్కడం మొదలుపెట్టే వేగం) నెమ్మదిగా పెట్టి, రెండు మూడు డెసిబెల్స్ మించి నొక్కకండి.

శబ్దం డబ్బాలో ఉన్నట్టుంది

స్లాబు మరీ దగ్గర. పై మైకుల నెత్తిన మందపాటి దుప్పటి కట్టండి, లేదా మైకులను కొంచెం దించి పురికొసతో మళ్లీ కొలవండి.

టామ్‌లు వినిపించడం లేదు

ఫిల్స్ (తాళం మధ్యలో డ్రమ్మర్ వేసే చిన్న విరుపులు) వచ్చిన చోట మాత్రమే పై మైకులను ఒకటి రెండు డెసిబెల్స్ పెంచి, వెంటనే దించండి.