వేరే రాష్ట్రం బిడ్డను దత్తత తెచ్చుకుంటే ఇంట్లో ఎలా కలుపుకోవాలి?

బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్లు దత్తతకు పేరు నమోదు చేసుకునేటప్పుడు ఏ రాష్ట్రం బిడ్డయినా పర్వాలేదంటారు. తీరా ఒడిశా నుంచి నాలుగేళ్ల పాప ఇంటికొచ్చాక ఏం చేయాలో తెలియక నాలాంటివాళ్లకు ఫోన్ చేస్తారు. అప్పటికే సగం పాడుచేసి ఉంటారు.

కాగితాల పని పెద్ద కష్టమేం కాదు. దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా (CARA) పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, పత్రాలు పెట్టాలి, సోషల్ వర్కర్ ఇంటికొచ్చి హోమ్ స్టడీ రిపోర్ట్ రాస్తారు. దంపతులైతే పెళ్లయి కనీసం రెండేళ్లు కావాలి. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకైతే ఇద్దరి వయసూ కలిపి 90 దాటకూడదు. బిడ్డ వివరాలు వచ్చాక 48 గంటల్లో రిజర్వు చేసుకోవాలి. 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు బదులు జిల్లా మేజిస్ట్రేట్ ఇస్తున్నారు. ఇక కొనాల్సినవంటారా, ఏమీ వద్దు. గులాబీ రంగు గది, బొమ్మల మంచం తర్వాత చూసుకోవచ్చు. మొదట్లో మీ పక్కనే పరుపేసి పడుకోబెట్టుకోండి.

అసలు చిక్కంతా భాష దగ్గర.

పాపను చూడ్డానికి తను ఉంటున్న దత్తత సంస్థకు వెళ్లినప్పుడు ఫొటోలు తర్వాత దిగొచ్చు. ముందు రోజూ చూసుకునే ఆయా పక్కన కూర్చోండి. ఆకలేస్తే ఏమంటుంది, బాత్రూముకి ఏమంటుంది, నొప్పిని ఎలా చెబుతుంది, ఏ పాటకు నిద్రపోతుంది? అన్నీ తెలుగు లిపిలో రాసుకోండి. వాళ్లు ఒప్పుకుంటే ఆయా పాడే జోలపాట ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పాప రాకముందే ఆ మాటలు మీ నోటికి రావాలి. అర్ధరాత్రి కడుపు పట్టుకుని ఏడుస్తున్న పిల్ల ముందు గూగుల్ ట్రాన్స్‌లేట్ తెరుచుకుని కూర్చోవడం నరకం.

చాలామంది చేసేది దీనికి తలకిందులు. వచ్చిన మూడో రోజునే “అత్తకి నమస్తే చెప్పు” అంటూ వీడియో కాల్స్. ఆర్నెల్లలో పిల్ల తెలుగు గడగడా మాట్లాడుతుంటే మురిసిపోతారు. పాత భాష ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు. కొరియాలో పుట్టి మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసులో ఫ్రాన్స్‌కు దత్తత వెళ్లినవాళ్లను పెద్దయ్యాక పరీక్షించారు. 2003లో వచ్చిన ఆ అధ్యయనంలో వాళ్లు కొరియన్ వాక్యాలను గుర్తుపట్టలేకపోయారు. ఎనిమిదేళ్ల పిల్లల సంగతే అలా ఉంటే నాలుగేళ్ల పాప మాటెంత?

కాబట్టి ఒకరు తెలుగు మాట్లాడండి, ఇంకొకరు తప్పులతోనైనా పాప భాష మాట్లాడండి. ఇంట్లో ఇంగ్లీషు వద్దు. “ఎలాగూ బెంగళూరే కదా, ఇంగ్లీషు చాల్లే” అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంగ్లీషు బడిలో వస్తుంది. కన్నడం ఆటలో వస్తుంది, పైగా కర్ణాటక 2015 చట్టం ప్రకారం బడిలో నేర్పాల్సిందే. ఒడియా మాత్రం మీరు పూనుకుంటే తప్ప రాదు.

తిండి విషయంలో కంగారొద్దు. ఒడిశావాళ్ల పఖాళ మన చద్దన్నానికి చుట్టమే. గోంగూర రెండో నెలలో పరిచయం చేయండి. దిండు కింద సగం తిన్న చపాతీ దొరికితే తిట్టకండి. సంస్థల్లో పెరిగిన పిల్లలు దాచుకుంటారు. చేతికందే చోట మరమరాల డబ్బా పెట్టి, అది ఖాళీ కాకుండా చూడండి.

పేరు మార్చకండి. జాతకం కుదరలేదని నానమ్మ అన్నా సరే. “ఎవరి పోలిక?” అని ఎవరైనా అడిగితే పాప వినేలా “దత్తత తీసుకున్నాం, ఒడిశా అమ్మాయి” అని మామూలు గొంతుతో చెప్పండి. జూన్ మధ్యలో ఒడిశావాళ్ల రజ పండుగకు ఉయ్యాల కట్టండి, రథయాత్రకు బెంగళూరు అగరలోని జగన్నాథుడి గుడికి తీసుకెళ్లండి. అక్కడ ఒడియా మాట్లాడే పిల్లలు బోలెడంత మంది దొరుకుతారు.

దత్తత తర్వాత రెండేళ్లపాటు ఆర్నెల్లకోసారి సోషల్ వర్కర్ వస్తారు. కాఫీ ఇచ్చి “అంతా బాగుందండి” అని పంపేయకండి. పాప ఎప్పుడు మౌనంగా ఉంటోందో, రాత్రి దేనికి లేస్తోందో ముందే రాసిపెట్టుకుని ఆ కాగితం వాళ్ల చేతిలో పెట్టండి.