లారీకి గజ్జెలు: మంచులోకి బండి తీసుకుపోయేవాళ్లకు

మా గుత్తి పక్కగా పోయే 44వ నంబరు హైవే ఎక్కి ఉత్తరానికి పోతూనే ఉంటే చివరికి శ్రీనగర్ వస్తుంది. ఇరవై రెండేళ్లు ఆ రోడ్డు మీదే నా బతుకు. ఇక్కడి నుంచి ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి చీనీకాయలు, అక్కడ బాడుగ కుదిరితే ఇంకా పైకి పోయి కాశ్మీర్ నుంచి ఆపిల్ లోడు. ఈ నవంబరులో మా మేనల్లుడు మొదటిసారి పోతున్నాడు. వాడిని కూర్చోబెట్టి చెప్పిన మాటలే ఇవి.

ముందు గొలుసుల సంగతి. టైర్లకు వేసే మంచు గొలుసులు జమ్మూలో, ఉధంపూర్‌లో దొరుకుతాయి. కొనడం తేలికే, వేయడమే కష్టం. చీకట్లో, వేళ్లు కొయ్యబారిపోయి ఉన్నప్పుడు మొదటిసారి వేయబోతే నాకు గంటన్నర పట్టింది. మరుసటి ఏడు అవే గొలుసులు ఇంటికి తెచ్చి, మే నెలలో మా ఇంటి ముందు ఖాళీ జాగాలో వేసి, తీసి, మళ్లీ వేసి నేర్చుకున్నా. పట్టుకుంటే చెయ్యి కాలేంత ఎండ. ఎదురింటి అవ్వ చూసి, "ఏం నాయనా, లారీకి గజ్జెలు కడుతున్నావా?" అనింది.

కట్టే పద్ధతి చెబుతా. ఇంజను తిప్పే వెనక చక్రాలకే వేయాలి. గొలుసు చిక్కు తీసి నేల మీద పరచాలి. కొక్కేల మొనలు టైరుకు గుచ్చుకోకుండా బయటివైపు ఉన్నాయో లేదో చూసుకోవాలి. టైరు మీద కప్పి, లోపలి కొక్కెం ముందు, బయటిది తర్వాత తగిలించాలి. యాభై అడుగులు నడిపి, దిగి, మళ్లీ బిగించాలి. మొదటి బిగింపు ఎప్పుడూ వదులవుతుంది. గొలుసులు ఉన్నంతసేపూ స్పీడు ముప్పై దాటొద్దు. మంచు అయిపోయి తారు కనబడితే తీసేయాలి. బద్ధకించి అలాగే పోతే గొలుసు తెగి, ఆ ముక్క బ్రేకు గొట్టాలను కొడుతుంది.

తర్వాత డీజిల్. అందులో మైనం లాంటి పదార్థం ఉంటుంది. చలికి అది గట్టిపడి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. మన దేశంలో మామూలు డీజిల్ ఎంత చలి దాకా ఫిల్టర్‌కు అడ్డం పడకుండా ఉండాలో పెట్టిన హద్దు చలికాలం రకానికి 6 డిగ్రీలు, వేసవి రకానికి 18. అంటే మన ఊరి ఎండకు సరిపోయే డీజిల్‌తో కొండ ఎక్కితే తెల్లారి బండి కదలకపోవచ్చు. జమ్మూ చేరేసరికి ట్యాంకు అడుగంటేలా చూసుకుని అక్కడ నింపాలి. మైనస్ 33 దాకా పనిచేసే డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో లడఖ్ కోసం తెచ్చింది గానీ, అది లేహ్ వైపు పోయేవాళ్ల సంగతి. కొందరు ట్యాంకు కింద మంట పెడతారు. ఆ పని ఎవరు చెప్పినా చేయొద్దు. ఫిల్టర్‌కు గోనెపట్ట చుట్టి వేడినీళ్లు పోస్తే చాలు.

రేడియేటర్ విషయంలో నేనే మోసపోయా. మా వైపు మెకానిక్ ఒకాయన "మన ఎండలకు నీళ్లే చాలన్నా" అన్నాడు. ఆయన మాట గుత్తికి నిజమే. కాశ్మీర్ లోయ మొదట్లో ఉండే ఖాజీగుండ్‌లో ఒక్క రాత్రికే నీళ్లు గడ్డకట్టి రేడియేటర్ పగిలింది. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపితే మైనస్ 30కి కూడా ఏమీ కాదు. బయలుదేరే ముందే మార్పించాలి. బ్యాటరీ పాతదైతే అదీ ఇక్కడే మార్చేయాలి. మన దగ్గర రెండోసారికి పట్టే సెల్ఫు అక్కడ పదోసారికి కూడా పట్టదు.

బ్రేకులకు గాలి నిల్వ ఉండే ఎయిర్ ట్యాంకుల్లో చేరిన నీళ్లు మనం పొద్దున వదులుతాం. అక్కడ సాయంత్రం బండి ఆపగానే వదలాలి. రాత్రి గడ్డకడితే పొద్దున బ్రేకు పట్టదు. చలికి టైర్లలో గాలి కూడా తగ్గుతుంది. లారీ టైరుకైతే ప్రతి 5 డిగ్రీలకు సుమారు రెండు పాయింట్లు పోతాయి. ఉధంపూర్‌లో ఒకసారి చూపించుకుంటే సరి.

ఇక నడపడం. మంచు కళ్లకు కనబడుతుంది, దానితో పెద్ద ప్రమాదం లేదు. భయపడాల్సింది తారు మీద అద్దంలా పరుచుకునే పల్చటి గడ్డకు. చూస్తే రోడ్డు తడిగా ఉన్నట్టే ఉంటుంది. కానీ ముందు పోయే బండి చక్రాల నుంచి నీళ్లు చిమ్మవు, మన టైర్ల మోత ఉన్నట్టుండి తగ్గిపోతుంది. ఆ నిశ్శబ్దం వినబడిందంటే కాలు బ్రేకు మీదికి పోకూడదు. యాక్సిలేటర్ వదిలి, స్టీరింగ్ నిలకడగా పట్టుకోవాలి. వంతెనల మీద, ఎండ పడని మలుపుల్లో ఇది ముందు ఏర్పడుతుంది. ఖాళీ బండి ఇంకా జారుతుంది. దిగుడులో మొదటి నుంచే చిన్న గేరులో దిగాలి.

సొరంగాల దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2021లో తెరిచిన బనిహాల్–ఖాజీగుండ్ సొరంగం ఎనిమిదిన్నర కిలోమీటర్లు. లోపల పొడి రోడ్డు, లైట్లు, హాయిగా ఉంటుంది. అవతలి మూతి దాటగానే అడుగు మందం మంచు ఉండొచ్చు. వెలుతురు కనబడగానే స్పీడు తగ్గించాలి. ఈ సొరంగానికి ముందే వచ్చే రాంబన్ వైపు కొండరాళ్లు రాలే చోట్ల టీ కోసమైనా బండి ఆపొద్దు.

2018 నవంబరు మొదట్లో కాలం కాని కాలంలో మంచు పడింది. పండ్లతో ఉన్న ఆపిల్ చెట్లు కొమ్మలు విరిగి పడ్డాయి. హైవే మూసేశారు. లోడుతో ఖాజీగుండ్‌లో రెండు రాత్రులు ఇరుక్కున్నా. రేటు పడిపోతోందని ఓనరు గంటకోసారి ఫోను. టెన్షన్ పడి, ట్రాఫిక్ పోలీసులు వదలకముందే సందుల్లోంచి దూరినవాళ్లను చూశా. వాళ్ల బండ్లు మర్నాడు కాలువలో కనబడ్డాయి. ఓనరుకు ఫోటో తీసి పంపా, ఫోన్లు ఆగిపోయాయి. కొత్తవాడైతే డిసెంబరు 21 నుంచి నలభై రోజులు, కాశ్మీరీలు చిల్లాయ్ కలాన్ అనే గడ్డు చలి రోజుల్లో, అసలు పోనేకూడదు.

ఇరుక్కున్నప్పుడు క్యాబిన్‌లో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోవద్దు. దాన్నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. వేడి కోసం ఇంజను ఆన్ చేస్తే ముందు దిగి, సైలెన్సర్ మూతి మంచులో పూడిపోలేదని చూడాలి. కిటికీ వేలెడంత తెరిచి ఉంచాలి. నీళ్ల బాటిల్ దుప్పట్లో పెట్టుకుంటే గడ్డకట్టదు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌తో నాకు జమ్మూ కాశ్మీర్ సరిహద్దులోని లఖన్‌పూర్ దాటాక సిగ్నల్ లేదు, పోస్ట్‌పెయిడ్ పనిచేసింది.

తిండికి మా ఆవిడ కట్టిచ్చిన బొరుగులు, వేయించిన శెనక్కాయలు, బెల్లం, పప్పుల పొడి. ఆ రెండు రాత్రులూ ఇవే. మేనల్లుడికి చెప్పా, బొరుగులు ఇంకో సంచి ఎక్కువే పెట్టుకో అని. పక్క లారీ పంజాబీ ఆయన ఒకసారి రుచి చూస్తే వదలడు.