రాంబూటాన్ గింజని ఎండబెట్టకండి

ఏ గింజైనా కడిగి, నీడలో ఆరబెట్టి, డబ్బాలో దాచి, తొలకరి పడ్డాక నాటడం మనందరికీ అలవాటు. బీర, సొర, బెండకి ఈ పద్ధతి భేషుగ్గా పనిచేస్తుంది. రాంబూటాన్, మాంగోస్టీన్ గింజల్ని మాత్రం ఇదే చంపేస్తుంది. వాటి లోపలంతా తడి, అది పోయిందా ఇక ఎంత నానబెట్టినా లేవవు. మన పనస గింజ, మామిడి టెంక కూడా ఈ కోవవే. కాబట్టి ఆన్‌లైన్‌లో ప్యాకెట్లలో అమ్మే ఎండు రాంబూటాన్ గింజల జోలికి పోకండి, డబ్బులు దండగ.

పండు కొని, తిని, ఆ గింజే నాటండి. కేరళ పళ్లు వానాకాలంలో మన మార్కెట్లకీ వస్తాయి. ఈ గింజలకి చలి కూడా పడదు కాబట్టి కోల్డ్ స్టోరేజీలో మగ్గినవి వద్దు, తెచ్చాక ఫ్రిజ్‌లోనూ పెట్టొద్దు.

రాంబూటాన్‌తో తలనొప్పి ఏంటంటే గుజ్జు గింజని ఓ పట్టాన వదలదు, కాస్త మిగిలినా బూజు పడుతుంది, చీమలు పట్టుకుపోతాయి. ఇసుకలో వేసి బాగా రుద్ది కడిగి, అదే రోజు, మహా అయితే మర్నాడు నాటేయండి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఇసుక సమానంగా కలిపి, గింజని బల్లపరుపు వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టి, పైన ఒక సెంటీమీటరు కప్పితే చాలు. రెండు మూడు వారాల్లో మొలక వస్తుంది.

మాంగోస్టీన్ ఇంకా తమాషా. పండు అడుగున చిన్న పువ్వులాంటి గుర్తు ఉంటుంది, దానికి ఎన్ని రేకులుంటే లోపల అన్ని తొనలు. అన్నిట్లో గింజ ఉండదు, లావుపాటి తొన వెతకండి. గింజ ఎంత బరువుంటే మొక్క అంత బలంగా వస్తుంది. పరాగసంపర్కంతో పని లేకుండానే గింజ కడుతుంది కాబట్టి వచ్చే మొక్క అచ్చం తల్లి చెట్టే. వేరు నేరుగా కిందికి దిగుతుంది, కదిపితే అలుగుతుంది, అందుకే మొదటే పొడవాటి కవర్లో వేయండి, మాటిమాటికీ కుండీ మార్చకండి.

రెంటికీ మొదటి రెండేళ్లు నేరుగా ఎండ తగలకూడదు. ఏసీ గదిలో పెట్టకండి, గాలి పొడిబారి ఆకు కొసలు మాడతాయి. హైదరాబాద్ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, వాన నీళ్లు పట్టి పోస్తే తేడా మీకే తెలుస్తుంది. మట్టి తడిగా ఉండాలి గానీ బురద కాకూడదు, లేకపోతే నారుకుళ్లు వచ్చి మొలక మొదట్లో మెత్తబడి ఒరిగిపోతుంది.

కాపు సంగతి కూడా చెప్పేస్తాను. మాంగోస్టీన్‌కి ఎనిమిది, పదేళ్లు పట్టొచ్చు. గింజ నుంచి వచ్చిన రాంబూటాన్ మగచెట్టైతే అసలు కాయదు. పళ్లే కావాలంటే కడియం నర్సరీలకి వెళ్లి అంటు మొక్క తెచ్చుకోండి, గింజ వేయడం సరదా ఉన్నవాళ్లకే.

బావోబాబ్‌ది పూర్తిగా ఉల్టా వ్యవహారం. గోల్కొండ నయా ఖిల్లాలో ఏనుగులా కూర్చున్న ఆ లావుపాటి చెట్టే. దీనికైతే ఎండు గింజ కొన్నా పర్లేదు, పైపెంకు అంత గట్టిది, అసలు నీళ్లే లోపలికి పోనివ్వదు. కాయకి అతుక్కుని ఉన్న మచ్చ వైపు వదిలేసి, ఇంకో వైపు శాండ్‌పేపర్ మీద లోపలి తెలుపు కనిపించేదాకా అరగదీసి, గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి ఉబ్బినవి నాటేయండి, ఉబ్బనివి మళ్లీ అరగదీయండి. దీనికి నిండా ఎండ, ఇసుక ఎక్కువున్న మట్టి కావాలి. చలికాలంలో ఆకులన్నీ రాల్చేస్తుంది, చచ్చిపోయిందనుకుని పీకేయకండి, నీళ్లు మాత్రం బాగా తగ్గించండి.