జీఎస్టీ కాంపోజిషన్ పథకం: దరఖాస్తు విధానం

కిందటి ఆర్థిక సంవత్సరంలో టర్నోవర్ రూ.1.5 కోట్లు దాటని వ్యాపారులు, తయారీదారులు ఈ పథకంలో చేరవచ్చు (ఉత్తరాఖండ్‌లోను, కొన్ని ఈశాన్య రాష్ట్రాల్లోను పరిమితి రూ.75 లక్షలు). మామూలు జీఎస్టీ బదులు టర్నోవర్ మీద 1 శాతం పన్ను కడితే చాలు, రెస్టారెంట్లకు 5 శాతం. టర్నోవర్ రూ.50 లక్షల లోపున్న సేవల వ్యాపారాలకు 6 శాతం. ఐస్‌క్రీమ్, పాన్ మసాలా, పొగాకు ఉత్పత్తులు తయారుచేసేవారికి అవకాశం లేదు.

ఒక్క శాతమే కదా అని ఫారం నింపేయకండి. ముందు మీ దగ్గర సరుకు కొనేదెవరో చూసుకోండి. 18 శాతం పన్ను ఉన్న లక్ష రూపాయల సరుకును మామూలు డీలర్ దగ్గర కొన్న షాపువాడికి రూ.18,000 ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే కొన్నప్పుడు కట్టిన ఆ పన్నును తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. మీ దగ్గర కొంటే పైసా రాదు. మీరు బిల్లులో పన్ను వేయకూడదు, కొనుగోళ్ల మీద కట్టిన పన్నూ తిరిగి రాదు. పక్క రాష్ట్రం నుంచి ఎంత మంచి ఆర్డరొచ్చినా వదులుకోవాల్సిందే. నేరుగా ఇళ్లవాళ్లకు అమ్మేవారికైతే ఇవేవీ పెద్ద అడ్డంకులు కావు. నా లెక్కలో ఈ పథకం వాళ్లకే.

ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉంటే మార్చి 31 లోపు జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ అయి, సర్వీసెస్‌లో రిజిస్ట్రేషన్ కింద సీఎంపీ-02 ఫారం తెరవండి. వ్యాపారం రకం ఎంచుకుని, డిక్లరేషన్‌కు టిక్ పెట్టి, ఓటీపీతో గానీ డిజిటల్ సంతకంతో గానీ సమర్పించండి. ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది. కొత్తవారు రిజిస్ట్రేషన్ దరఖాస్తులోనే ఎంచుకోవచ్చు. ఒకే పాన్ మీద ఎన్ని రిజిస్ట్రేషన్లుంటే అన్నీ ఇందులోకి రావాలి.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. మార్చి 31 నాటికి మిగిలిన స్టాకు మీద వాడుకున్న క్రెడిట్‌ను వెనక్కి కట్టాలి. దానికి ఐటీసీ-03 ఫారం, గడువు 60 రోజులు. కట్టాక లెడ్జర్‌లో (పోర్టల్‌లోని మీ క్రెడిట్ ఖాతాలో) ఇంకా క్రెడిట్ మిగిలితే అదీ పోతుంది. గోడౌన్ నిండా సరుకున్నవాళ్లు ఈ మొత్తం ఎంతో దరఖాస్తుకు ముందే లెక్కేసుకోవాలి.

తర్వాత మూడు నెలలకోసారి సీఎంపీ-08 ఫారంతో పన్ను కట్టాలి, త్రైమాసికం ముగిసిన మరుసటి నెల 18లోగా. ఏడాదికి ఒక జీఎస్టీఆర్-4 రిటర్న్, జూన్ 30 లోపు. ఇన్‌వాయిస్ బదులు బిల్ ఆఫ్ సప్లై (పన్ను చూపని బిల్లు) ఇవ్వాలి, కాంపోజిషన్ డీలరని బోర్డు మీద రాయించాలి.

ఏడాది మధ్యలో టర్నోవర్ పరిమితి దాటితే ఆ రోజు నుంచే మామూలు పన్ను. పథకం నుంచి తప్పుకుంటున్నట్టు ఏడు రోజుల్లో సీఎంపీ-04 ఫారం వేయాలి.