టెన్ పిన్ ఒక్కటే మిగిలితే ఎలా కొట్టాలి?

పది పిన్లని బంతితో పడగొట్టే టెన్‌పిన్ బౌలింగ్‌లో స్కోరు పెరగాలంటే స్ట్రైకుల (మొదటి బంతికే పదీ పడగొట్టడం) సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు మూల పిన్ కొట్టడం నేర్చుకోండి. లెక్క మీరే చూడండి. పది ఫ్రేముల్లోనూ (ఫ్రేము అంటే రెండు బంతుల వంతు) తొమ్మిదేసి పడగొట్టి, మిగిలిన ఆ ఒక్కదాన్నీ వదిలేస్తే 90. దాన్ని ప్రతిసారీ రెండో బంతితో కొట్టి, చివరి అదనపు బంతికి కూడా తొమ్మిది పడితే, ఒక్క స్ట్రైక్ కూడా లేకుండానే 190! ఎందుకంటే రెండు బంతుల్లో పదీ పడితే, ఆ తర్వాతి బంతికి పడ్డవి కూడా ఆ ఫ్రేముకే కలుస్తాయి, అంటే ఫ్రేముకి 19.

కుడిచేతి వాళ్లని బాగా ఏడిపించేది కుడి మూలన ఉండే 10వ పిన్. స్ట్రైక్ కోసం వేసే హుక్ బంతినే (వంపు తిరుగుతూ పోయేది) దీని మీదకీ వేస్తారు, అది సరిగ్గా పిన్ ముందుకొచ్చాక ఎడమకి తిరిగిపోతుంది. అందుకే ఈ పిన్‌కి హుక్ వద్దు, తిన్నగా వేయండి. సొంత హుక్ బంతి ఉన్నా సరే, దీనికి మాత్రం ప్లాస్టిక్ బంతి తీసుకోండి, బౌలింగ్ సెంటర్లో ర్యాక్ మీద ఉండే బంతులు మామూలుగా ఆ రకమే. వదిలేటప్పుడు మణికట్టు పక్కకి తిప్పకండి, అరచెయ్యి చివరిదాకా బంతి వెనకాలే ఉండాలి.

ఇక నిలబడే చోటు. లేన్ (బంతి దొర్లే దారి) వెడల్పు 39 బోర్డులు, అంటే సన్నటి పలకలు. లేన్ మీద గురి కోసం బాణాలుంటాయి, కుడి నుంచి లెక్కపెడితే నడిమి బాణం 20వ బోర్డు మీద ఉంటుంది. అడుగులు పూర్తయి ఫౌల్ లైన్ (దాటకూడని గీత) దగ్గర ఆగేసరికి మీ ఎడమ పాదం 32వ బోర్డు దగ్గర ఉండేలా ఎడమవైపు నుంచి మొదలుపెట్టండి. బంతి పాదానికి ఆరేడు బోర్డులు కుడిగా దిగుతుంది కాబట్టి, నడిమి బాణం మీదుగా పోయి లేన్‌ని అడ్డంగా దాటి మూలకి చేరుతుంది. భుజాలు, నడక రెండూ ఆ గీత వెంటే ఉండాలి. చాలామంది లేన్‌కి తిన్నగా నడిచి చివర్లో చేతిని మాత్రం కుడికి తోస్తారు, అలా వేస్తే ఏ బంతి ఎటు పోతుందో చెప్పలేం. చూపు పిన్ మీద కాదు, బాణం మీద.

గటర్ (లేన్ పక్కనుండే కాలువ) భయం అందరికీ ఉంటుంది. అయితే పిన్‌కీ గటర్‌కీ మధ్య ఎంత చోటుందో తెలిస్తే ఆ టెన్షన్ చాలావరకు పోతుంది. పిన్ నడిమి నుంచి గటర్ అంచుకి 2.75 అంగుళాలే, కానీ ఎడమవైపు మాత్రం బంతి మధ్యభాగం ఆరున్నర అంగుళాల దూరంలో వెళ్లినా పిన్‌కి తగులుతుంది, ఎందుకంటే బంతే దాదాపు 8.5 అంగుళాల లావు. అంటే గురి సరిగ్గా పిన్ మధ్యకి కాదు, రెండు అంగుళాలు ఎడమకి పెట్టుకోవాలి. అప్పుడు రెండు పక్కలా సమానంగా నాలుగేసి అంగుళాలకి పైగా వెసులుబాటు ఉంటుంది.

బంతి పిన్‌కి ఎడమగా పోతోందా? బాణం మార్చకుండా పాదాలు ఒక బోర్డు ఎడమకి జరపండి, పిన్ల దగ్గర దాదాపు మూడు బోర్డుల తేడా వస్తుంది. గటర్‌లో పడుతుంటే ఒకటి కుడికి. ఒక్క బంతి తప్పగానే జరగకండి, బంతి నిజంగా బాణం మీదుగానే వెళ్లిందో లేదో ముందు చూసుకోండి. భయంతో వేగం తగ్గించకండి కూడా, నెమ్మదిగా పోయే బంతే ఎక్కువ తిరుగుతుంది.

ఎడమ మూలన 7వ పిన్ మిగిలితే బాణం అదే, పాదం మాత్రం 21వ బోర్డు దగ్గరికి వస్తుంది. చెయ్యి ఎలాగూ కుడివైపే ఉంది కాబట్టి మరీ కుడి చివరకి పోనక్కర్లేదు. ఎడమచేతి వాళ్లు ఇదంతా అద్దంలో చూసినట్టు తిప్పుకుంటే సరి.

ప్రాక్టీస్‌కి 10వ పిన్ మిగిలేదాకా ఆగక్కర్లేదు. స్కోరు పట్టించుకోని ఆటలో, పది పిన్లూ నిలబడి ఉండగానే మొదటి బంతిని మూలకి వేయండి. 10కి ముందు వరసలో కాస్త ఎడమగా ఉండేది 6, దానికీ ముందు వరసలో ఇంకాస్త ఎడమగా ఉండేది 3. 6, 10 రెండూ పడితే గురి చక్కగా ఉన్నట్టు. 10 ఒక్కటే పడితే గటర్‌కి మరీ దగ్గరగా పోయింది, బంతి నేరుగా 3కి తగిలితే బాగా లోపలికి వచ్చేసింది.